వింటికి తగిన నారి

పాఠం చదివే ముందు

శివధనుస్సు కథ మీరు చిన్నప్పుడే విని ఉంటారు. జనకుని సభలో రాముడు విల్లెత్తి, నారి ఎక్కించి, లాగేసరికి విల్లు ఫెళ్లున విరిగింది. ఈ కథ విన్నప్పుడల్లా మనం రాముని బలాన్నే తలచుకుంటాం. ఈసారి మరొక సంగతి గమనించండి. విరిగింది విల్లు. నారి తెగినట్టు కథలో లేదు. మనబోటివాళ్ల చేతిలో ఉండే మామూలు విల్లుకు ఇలా జరగడం మంచిదేనా? విల్లు, నారి రెండింటిలో ఏదో ఒకటి పాడవక తప్పదంటే ఏది పాడవాలి? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకొని పాఠం చదవండి.

ఈ పాఠం చదివాక మీరు:
– వింటినారి చేసే పనిని వివరించగలుగుతారు.
– పాతకాలపు నారలకూ, నేటి కృత్రిమ దారాలకూ తేడా చెప్పగలుగుతారు.
– ఒక విల్లును పరిశీలించి, దానికి తగిన నారిని ఎంచుకోగలుగుతారు.

1. పేరులోనే ఉంది

‘నారి’ అనే మాట వినగానే ‘నార’ గుర్తుకొస్తుంది. దీనికే అల్లెతాడు అని మరో పేరు. సంస్కృతంలో దీన్ని ‘గుణం’ అని కూడా అంటారు. మంచి గుణం, చెడ్డ గుణం అని మనం వాడే మాటా ఇదే. మన కవులు ఈ రెండర్థాలతో ఎన్నో చమత్కారాలు చేశారు. ఎన్నో ఏళ్లుగా వెదురు విల్లుతో సాధన చేస్తూ, మా మైదానానికి వచ్చే పిల్లలకు నారులు పేని ఇస్తున్న నాకు మాత్రం అది చమత్కారంగా తోచదు, ఉన్నమాటగానే తోస్తుంది. వింటి గుణం సగం నారిలోనే ఉంటుంది.

నారి చేసే పని ఏమిటో చూద్దాం. మనం నారి లాగినప్పుడు విల్లు వంగుతుంది. మన కండల శక్తి ఆ వంపులో దాగుతుంది. నారి వదలగానే విల్లు తన మొదటి రూపానికి రావాలని చూస్తుంది. ఆ శక్తిని బాణానికి అందించేది నారి. బాణం వెళ్లిపోయాక కూడా విల్లులో కొంత శక్తి మిగులుతుంది. వింటి రెండు కొసలూ ఇంకా ముందుకు దూకబోతుంటాయి. వాటిని పట్టి ఆపేది కూడా నారే. ఆ క్షణంలో నారి మీద పడే లాగుడు, మనం చేత్తో లాగిన బరువుకు ఎన్నో రెట్లు ఉంటుంది.

అంటే నారికి రెండు పనులు. మొదటిది శక్తిని బాణానికి ఇవ్వడం. రెండోది మిగిలిన శక్తి విల్లును విరగ్గొట్టకుండా చూడడం. నారి కొనేవాళ్లు చాలామంది మొదటి పనినే ఆలోచిస్తారు. విల్లు ఎంతకాలం బతుకుతుందన్నది రెండో పని మీద ఆధారపడి ఉంటుంది.

ఆలోచించండి: బాణం పెట్టకుండా ఉత్త నారిని లాగి వదలకూడదని పెద్దలు ఎందుకంటారు? (బాణం తీసుకుపోవలసిన శక్తి ఎక్కడికి పోతుందో ఊహించండి.)

2. పెద్దలు ఏ నారతో పేనారు?

కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఆయుధాగారాన్ని చూసే అధికారి గురించి ఒక అధ్యాయం ఉంది. విళ్లు నాలుగు రకాలని అందులో చెప్పాడు. తాటిచెట్టు నుంచి చేసేవి, వెదురువి, కర్రవి, కొమ్ముతో చేసేవి. ఆ వెంటనే నారులు ఆరు రకాలు చెప్పాడు. మూర్వ, అర్కం, శణం, గవేధువు, వేణువు, స్నాయువు. ఈ పేర్లు కొత్తగా ఉన్నా, వీటిలో చాలా వస్తువులు మీ ఊళ్లో ఉన్నవే.

అర్కం అంటే జిల్లేడు. రోడ్డు పక్కన పెరిగే ఆ మొక్క కాండం నుంచి సన్నని, గట్టి నార వస్తుంది. దాని పాలు కంట్లో పడితే ప్రమాదం కాబట్టి నార తీసేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. శణం అంటే జనుము. పొలంలో పచ్చిరొట్ట ఎరువుగా వేస్తామే, అదే. వేణువు వెదురు. స్నాయువు జంతువుల నరం. మూర్వను మనం చాగ అంటాం. కుండీల్లో పెంచే నిలువాటి కత్తుల్లాంటి ఆకుల మొక్కను మీరు చూసే ఉంటారు. చాగ దానికి దగ్గరి బంధువు. దాని ఆకుల నుంచి తెల్లటి నార తీస్తారు. ఇంగ్లీషువాళ్లు దీనికి ‘ఇండియన్ బోస్ట్రింగ్ హెంప్’ అని పేరు పెట్టారు. భారతదేశపు వింటినారి జనుము అని దాని అర్థం. దీని శాస్త్రీయ నామంలో, 18వ శతాబ్దం చివరలో మన సామర్లకోటలో మొక్కల మీద పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ పేరు కూడా చేరింది. వింటినారికి సంస్కృతంలో ‘మౌర్వి’ అనే పేరు ఈ మూర్వ వల్లే వచ్చింది. ఒక మొక్క పేరే వింటినారికి పేరైందంటే, ఆ నారను ఎంతగా వాడి ఉంటారో ఊహించండి.

ఇక వేణువు. వెదురు బద్దను సన్నగా చీల్చి, నునుపు చేసి నారిగా కట్టే పద్ధతి మేఘాలయలోని ఖాసీలలోనూ, పశ్చిమ భారతంలోని భిల్లులలోనూ ఉంది. వెదురు అడవిలో ఉండేవాడికి వెదురు విల్లు, వెదురు నారి. నారి పాడైతే మరో బద్ద చీల్చుకుంటాడు. సంతకు వెళ్లనక్కరలేదు.

స్నాయువుకు మంచి బలం ఉంది గాని, తడి తగిలితే సాగిపోతుంది. వానకారు ఎక్కువగా ఉండే చోట దాన్ని నమ్ముకోవడం కష్టం. మన పెద్దలు ఆరు రకాలు చెప్పారంటే, ఒకటి మంచిది, తక్కినవి చెడ్డవి అని కాదు. ఒక్కో చోటికి, ఒక్కో వింటికి ఒక్కోటి తగుతుంది.

3. మనిషెత్తు విల్లు

మనిషంత పొడవుండే విల్లును పొడుగు విల్లు అంటారు. ఇది ఒక్క ఇంగ్లండు సొత్తు కాదు. అలెగ్జాండరు వెంట మన దేశానికి వచ్చిన నియార్కస్ మాటల ఆధారంగా గ్రీకు చరిత్రకారుడు ఆరియన్ భారతీయుల విల్లును వర్ణించాడు. అది పట్టుకున్న మనిషంత పొడవు ఉంటుందనీ, దాని కొసను నేలకు ఆనించి, ఎడమకాలితో తొక్కిపట్టి నారి లాగుతారనీ రాశాడు.

పొడుగు విళ్లలో పేరు మోసింది మాత్రం ఇంగ్లండుదే. అక్కడ యూ అనే చెట్టు కర్రతో వాటిని చేసేవారు. 1545లో మేరీ రోజ్ అనే యుద్ధనౌక సముద్రంలో మునిగిపోయింది. 1982లో దాన్ని పైకి తీశారు. ఆ నౌకలో దొరికిన వాటిలో 137 విళ్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి. బాణాలు మూడు వేలకు పైగా దొరికాయి. నారులు మాత్రం మిగలలేదు. నాలుగు శతాబ్దాలు నీటిలో కర్ర నిలిచింది, నార కరిగిపోయింది. బాణాల వెనక కొసనున్న గాడి వెడల్పును బట్టి, ఆ నారులు సుమారు 3 మిల్లీమీటర్ల మందం ఉండేవని లెక్క కట్టారు.

ఆ నౌక మునిగిన ఏడాదే, అంటే 1545లోనే, రోజర్ ఆస్కమ్ అనే పండితుడు విలువిద్య మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం ప్రచురించాడు. దాని పేరు ‘టాక్సోఫిలస్’. నాసిరకం నారి మంచి విల్లుకు చేటు తెస్తుందని అతను అందులో హెచ్చరించాడు. బాణం వదిలే వేళ నారి తెగితే, వింటి కొసలను పట్టి ఆపేది ఏదీ ఉండదు. విల్లు ఎదురు కొట్టుకొని విరగవచ్చు. ఇందాక మనం చెప్పుకొన్న రెండో పని ఇదే.

అయితే నారి ఎంత గట్టిదైతే అంత మంచిదన్నమాట అని మీరనుకోవచ్చు. తొందరపడకండి. మొదట్లో అడిగిన ప్రశ్న ఇంకా మిగిలే ఉంది.

పాఠగత ప్రశ్న: నారి తెగితే విల్లుకు ఎందుకు ప్రమాదం? రెండు వాక్యాల్లో రాయండి.

4. మిల్లు నుంచి వచ్చిన దారాలు

ఒకప్పుడు టెరిలిన్ చొక్కా అంటే గొప్ప. దాన్ని నేసిన దారం పాలిస్టర్. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు దాన్ని కనిపెట్టారు. అమెరికాలో దాన్నే డాక్రాన్ పేరుతో అమ్మారు. విలుకాళ్ల చేతికి వచ్చింది ఈ డాక్రానే. ఇది తడికి చెడదు, కుళ్లదు. లాగితే కొంచెం సాగి, వదిలితే మళ్లీ వెనక్కి వస్తుంది. ఆ కొంచెం సాగడమే దీని విలువ. బాణం వదిలినప్పుడు వింటికొప్పు మీద పడే దెబ్బను అది మెత్తబరుస్తుంది. (వింటి చివర నారి తగిలించే చోటును వింటికొప్పు అంటారు.)

1970ల దశకంలో కెవ్లార్ వచ్చింది. చాలా బలమైనది, దాదాపు సాగదు. కాని కొప్పు దగ్గర మడత పడి, ముందు సూచన ఏదీ ఇవ్వకుండా ఉన్నట్టుండి తెగిపోయేది. 1980ల నుంచి దాని స్థానంలో స్పెక్ట్రా, డైనీమా అనే దారాలు వచ్చాయి. ఇవి ఒక రకం పాలిథీన్. మన బజారు సంచీ చేసే పదార్థానికి సోదర పదార్థమే. కాని దాని అణువులు ఎంతో పొడుగ్గా, ఒకే దిక్కుకు బారులు తీరి ఉంటాయి. అందువల్ల వేలంత లావు తాడు చేయవలసిన పనిని పుల్లంత సన్నది చేస్తుంది. నేటి పోటీల్లో లోహం, ఫైబర్‌గ్లాస్, కార్బన్ కలిపి చేసే విళ్లకు ఇవే కడతారు.

వీటితో బాణానికి వేగం ఎందుకు పెరుగుతుంది? బాణంతోపాటు నారి కూడా కదలాలి. నారి మధ్యభాగం బాణమంత వేగంగా పోతుంది, కొసలు తక్కువగా కదులుతాయి. లెక్క వేస్తే, నారి బరువులో మూడో వంతు బాణం మీద అదనంగా పెట్టినట్టు అవుతుంది. నారి 12 గ్రాములుంటే బాణం మీద 4 గ్రాముల భారం. నారి 6 గ్రాములకు తగ్గితే భారం 2 గ్రాములే. పైగా సాగని నారి తనలో శక్తిని దాచుకోదు. కాబట్టి బాణం వేగం పెరగడం నిజం.

కాని సాగని నారి దెబ్బను కూడా దాచుకోదు. ఉన్నదున్నట్టు కొప్పుకు చేరవేస్తుంది. సన్నటి నారి కర్రలోకి కోసుకుపోతుంది కూడా. కొమ్ముతోనో, గట్టి పలకలతోనో బలపరిచిన కొప్పులైతే తట్టుకుంటాయి. ఉత్త వెదురు కొప్పు, ఉత్త కర్ర కొప్పు తట్టుకోవడం కష్టం. నారి తెగదు. అది తెగనందుకు విల్లు చీలుతుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు దొరికింది కదా! నారి ఉన్నట్టుండి తెగకూడదు. అలాగని విల్లును మించి మొండిదీ కాకూడదు. అరగవలసింది, సాగవలసింది, ఏడాదికోసారి మార్చవలసింది నారి. విల్లు నిలవాలి. మనుషుల విషయంలో ‘తెగేదాకా లాగొద్దు’ అని మన పెద్దలు అంటారు. వింటి విషయంలో ఇంకొక మాట చేర్చుకోవాలి. తెగనిది కదా అని దేన్నీ కట్టొద్దు.

5. ఒక విల్లు, ఒక ఎంపిక

మన దేశంలో వెదురు విల్లుతో ఆడే పోటీలకు ‘ఇండియన్ రౌండ్’ అని పేరు. 30, 50 మీటర్ల దూరం నుంచి బాణాలు వేస్తారు. ఆ పోటీకి సాధన చేసే ఒక అమ్మాయి రెండు వారాల ముందు నా దగ్గరకు వచ్చింది. చేతిలో ఒక పొట్లం ఉంది. అందులో డైనీమా నారి. పెద్ద విల్లుతో ఆడే స్నేహితురాలు ఇచ్చిందట.

“మాస్టారూ, ఇది కట్టిపెట్టండి. యాభై మీటర్లలో నా బాణాలు కిందికి పడుతున్నాయి. దీంతో తేలిగ్గా అందుకుంటాయంటున్నారు” అంది.

ఆమె విల్లు నాకు తెలుసు. వాళ్ల నాన్న చేసిన విల్లు అది. వెదురు ఏరి, ఆరబెట్టి, నిప్పుసెగ చూపి, గీకి, ఆమె బలానికి సరిపోయేలా చేశాడు. లాగుడు బరువు సుమారు 18 కిలోలు. ఆయన ఇప్పుడు లేడు. అలాంటి విల్లు కావాలంటే మరొకటి దొరకదు.

“అమ్మా, కొప్పు మీద గోరుతో రాసి చూడు” అన్నాను. రాసింది. నారి ఉచ్చు ఆనుకొనే చోట సన్నటి గీత గోరుకు తగిలింది. కొమ్ము లేదు, పలక లేదు. ఉత్త వెదురు. మెత్తని నారికే అంత గీత పడితే, సన్నని మొండి నారికి ఏమవుతుందో ఆమెకు నేను చెప్పనక్కరలేదు. అయినా ఆమె ముఖంలో సంతోషం లేదు. రెండు వారాల్లో పోటీ ఉన్నవాళ్లకు విల్లు పదేళ్లు బతకడం గురించి చెబితే చెవికెక్కుతుందా?

చివరికి 12 పోగుల డాక్రాన్ నారి కట్టాం. ఉచ్చుల దగ్గర అదనంగా నాలుగు పోగులు కలిపి లావు చేశాం. లావు ఉచ్చు దెబ్బను ఎక్కువ చోటుకు పంచుతుంది, కర్రను కోయదు. ఎత్తుగా గురి పెట్టడం ఆమె రెండు వారాలూ అభ్యాసం చేసింది. పోటీలో ఆమెకు పతకం రాలేదు. “ఆ నారి కట్టి ఉంటే వచ్చేదేమో మాస్టారూ” అంది తిరిగి వచ్చాక. వచ్చేదేమో, నేను కాదనలేదు. విల్లు మాత్రం చీలకుండా ఇంటికి వెళ్లింది. ఆ మరుసటి ఏడాది కూడా ఆమె దాంతోనే ఆడింది.

దీన్నిబట్టి ఎవరూ కొత్త దారాలు వాడకూడదని అనుకోకండి. అదే డైనీమా నారి ఆమె స్నేహితురాలి విల్లుకు సరైన నారి. వస్తువులో తప్పు లేదు. జతలోనే ఉంది తప్పొప్పు.

6. మీరే ఎంచుకోండి

నారి కొనేముందు ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి: విల్లు దేనితో చేసింది, దాని కొప్పులు ఎలాంటివి? ఉత్త కర్ర, ఉత్త వెదురు, పాత విల్లు అయితే డాక్రాన్ గాని, నార గాని వాడండి. చేసినవాళ్లు డైనీమా తట్టుకుంటుందని చెబితేనే అది వాడండి.

రెండు: లాగుడు బరువెంత? డాక్రాన్ అయితే 11 నుంచి 16 కిలోల వింటికి 10 పోగులు, 16 నుంచి 20 కిలోలకు 12, 20 నుంచి 25 కిలోలకు 14 అని ఒక వాడుక లెక్క ఉంది.

మూడు: బాణం గాడి నారికి సరిపోతుందా? బాణాన్ని నారికి తగిలించి కిందికి వేలాడదీయండి. అది వేలాడాలి. నారి మీద వేలితో మెల్లగా తడితే రాలిపోవాలి. తట్టినా రాలకపోతే నారి లావు, తట్టకముందే రాలితే నారి సన్నం.

నారతో మీరే పేనుకోవాలంటే చిన్న లెక్క చేయాలి. నారి బలం వింటి లాగుడు బరువుకు కనీసం అయిదు రెట్లు ఉంచుకోండి. పురి పెట్టినప్పుడు, ముడి వేసినప్పుడు పోగుల బలం కొంత తగ్గుతుంది. అందుకే ఈ ముందుజాగ్రత్త. పోగు బలం తెలుసుకోవడానికి యంత్రం అక్కరలేదు. ఒక పోగుకు చిన్న బకెట్టు కట్టి, నేలకు జానెడు ఎత్తులో వేలాడదీయండి. అందులో లీటరు చొప్పున నీళ్లు పోయండి. లీటరు నీళ్ల బరువు కిలో. బకెట్టు బరువు కూడా కలుపుకోండి. పోగు తెగకముందు ఎంత మోసిందో అదే దాని బలం.

ఉదాహరణ: విల్లు 18 కిలోలు. 18ని 5తో హెచ్చిస్తే 90 కిలోలు. పోగు 5 కిలోలు మోస్తే 90ని 5తో భాగించాలి. 18 పోగులు వస్తాయి. ఆరేసి పోగుల చొప్పున మూడు పేటలు చేసి పేనండి.

నైలాన్ తాడు చవకగా దొరుకుతుంది. చేపల వలకు అది మంచిదే. వింటికి మాత్రం పనికిరాదు. అది బాగా సాగుతుంది. మీరు లాగిన శక్తిలో చాలా భాగం అదే మింగేస్తుంది. నూలు దారం అంతగా సాగదు గాని, బలం చాలదు.

7. ఎక్కించాక

పొడుగు విల్లుకు నారి ఎక్కించాక, పిడికిలి వింటి పిడి మీద ఆనించి బొటనవేలు పైకెత్తండి. వేలి కొస నారిని తాకాలి. అంటే సుమారు 15 నుంచి 17 సెంటీమీటర్ల ఎడం. ఎడం తక్కువైతే నారి మణికట్టుకు కొడుతుంది. ఎక్కువైతే వింటి మీద ఊరికే భారం పడుతుంది. నారికి పురి ఎక్కిస్తే పొట్టిదవుతుంది, పురి విప్పితే పొడుగవుతుంది. కొత్త నారి మొదటి రోజు కొంత సాగి కుదురుకుంటుంది. కాబట్టి మళ్లీ కొలవండి.

అప్పుడప్పుడు తేనెమైనం రాసి, వేళ్లమధ్య వేడి పుట్టేలా రుద్దండి. నార నారికి ఇది తడి నుంచి కాపు. ఒక్క పోగు తెగినా ఆ నారిని పారేయండి. ముడి వేసి వాడకండి. సాధన అయ్యాక కర్ర విల్లు నుంచి, వెదురు విల్లు నుంచి నారి దించండి. సంచిలో మరొక నారి సిద్ధంగా ఉంచుకోండి.

సారాంశం

నారి శక్తిని బాణానికి అందిస్తుంది, మిగిలిన శక్తి దెబ్బ నుంచి విల్లును కాపాడుతుంది. చాగ, జిల్లేడు, జనుము వంటి నారలూ, డాక్రాన్, డైనీమా వంటి దారాలూ ఒక్కొక్కటి ఒక్కో వింటికి తగుతాయి. అన్నిటికన్నా బలమైన నారిని కాక, మన వింటికి తగిన నారిని ఎంచుకోవాలి.

అభ్యాసం

1. డాక్రాన్ కొంచెం సాగడం ఉత్త వెదురు వింటికి ఎలా మేలు చేస్తుంది?
2. విల్లు లాగుడు బరువు 14 కిలోలు. ఒక పోగు 7 కిలోలు మోస్తుంది. ఎన్ని పోగులు కావాలి?
3. అయిదో భాగంలోని అమ్మాయి స్థానంలో మీరుంటే ఏ నారి కట్టించుకునేవారు? కారణాలతో పది వాక్యాలు రాయండి.
4. మీ ఊళ్లో ఏ మొక్కల నుంచి నార తీస్తారో, తీసేవారో పెద్దలను అడిగి రాసుకోండి.